సౌరపవనంలో షాక్ తరంగాలు: గణనలో ఎక్కడ పొరపడతాం?

రామగిరి, సెంటినరీ కాలనీ పరిసరాల్లో ఉండి ఈ పాఠం చదువుతున్నవారికి ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ కొత్త కాదు. సైరన్ మోగుతుంది, కాసేపటికి కిటికీలు అదురుతాయి. పేలుడు జరిగిన చోట, రాతిలో పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. అది షాక్ తరంగం. మీ ఇంటిదాకా వచ్చేసరికి బలహీనపడి మామూలు ధ్వనిగా, కంపనంగా మిగులుతుంది.

సూర్యుడి నుంచి నిరంతరం వెలువడే ప్లాస్మాను సౌరపవనం అంటారు. దాని వేగం సాధారణంగా సెకనుకు 400 కి.మీ. ప్రాంతంలో ఉంటుంది. సూర్యుడు ఒక్కొక్కసారి పెద్ద ప్లాస్మా మేఘాన్ని ఇంకా వేగంగా విసురుతాడు. అది ముందున్న పవనాన్ని తరుముతూ వస్తే దాని ముందుభాగాన షాక్ ఏర్పడుతుంది. గాలిలో షాక్‌ను నిలిపేది అణువుల అభిఘాతాలు. సౌరపవనం ఎంత పలచనంటే, దానిలో కణాలు దాదాపు ఢీకొనవు; ఆ పనిని విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు చేస్తాయి.

ఈ షాక్ భూమిని ఎప్పుడు తాకుతుంది? సూర్యుడికి, భూమికి మధ్య దూరం 15 కోట్ల కి.మీ. స్థిర వేగం సెకనుకు 700 కి.మీ. అనుకుంటే సుమారు 60 గంటలు, 600 అనుకుంటే 69 గంటలు. అంటే వేగంలో చిన్న తప్పు దొర్లితే హెచ్చరిక దాదాపు పది గంటలు తప్పుతుంది. 1989 మార్చి 13న సౌర తుఫాను కారణంగా కెనడాలోని క్విబెక్ విద్యుత్ గ్రిడ్ కూలిపోయింది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కి.మీ. దూరంలో ఉండి సౌరపవనాన్ని కొలుస్తోంది. అయితే అక్కడికి చేరిన షాక్, 700 కి.మీ. వేగంతో, మరో 36 నిమిషాల్లో భూమి దగ్గర ఉంటుంది. అంతకుముందే తెలియాలంటే గణన తప్పదు.

షాక్ దగ్గర సాంద్రత, వేగం విచ్ఛిన్నమవుతాయి, కనుక అక్కడ అవకలజానికి అర్థం లేదు. ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి నిత్యత్వ నియమాలు మాత్రం అక్కడ కూడా చెల్లుతాయి. దీన్ని బర్గర్స్ సమీకరణంతో కాగితం మీదే చూడండి. వరుసగా గడులు గీయండి. ఎడమ గడులన్నిటిలో వేగం 1, కుడి గడులన్నిటిలో 0 రాయండి. గడి వెడల్పు 1, కాలాంతరం 1. ఇక్కడ షాక్ అసలు వేగం సగం, అంటే 0.5.

మొదటి పద్ధతి: గడిలోని వేగం నుంచి ‘వేగం × (తన వేగం − ఎడమ గడి వేగం)’ తీసివేయండి. ఎడమ గడుల్లో తేడా సున్నా, కుడి గడుల్లో వేగం సున్నా. ఏదీ మారదు, షాక్ కదలదు! గడులను ఎంత సన్నగా చేసినా అంతే. పరిశోధన తొలి రోజుల్లో నేను ఇదే తప్పు చేసి, యంత్రాన్ని చాలా రోజులు తిట్టుకున్నాను.

రెండో పద్ధతి: వేగ వర్గంలో సగాన్ని అభివాహంగా తీసుకోండి. ఎడమ గడి అభివాహాన్ని కలిపి, తన అభివాహాన్ని తీసివేయండి. ఒక గడి నుంచి పోయినది పక్క గడిలో చేరుతుంది కాబట్టి లెక్కలో ఏదీ మాయం కాదు. నునుపైన ప్రమేయాలకు ఈ రెండు సమీకరణ రూపాలూ ఒకటే. తేడా షాక్ దగ్గరే బయటపడుతుంది. మొదటి అడుగులో తొలి కుడి గడి 0.5 అవుతుంది. రెండో అడుగులో అది 0.875, దాని పక్కది 0.125. మొత్తం 1. అడుగుకు సగం గడి చొప్పున షాక్ సరిగ్గా సాగుతోంది.

సౌరపవన నమూనాల్లో దీనికి అయస్కాంత క్షేత్రం, పీడనం, సాంద్రత తోడవుతాయి. ప్రతి గడి సరిహద్దు వద్ద ఒక చిన్న షాక్ సమస్యను సాధించే పద్ధతిని 1959లో రష్యన్ గణిత శాస్త్రజ్ఞుడు గొదునోవ్ ప్రచురించాడు. నేటి నమూనాల్లో అనేకం ఆ దారిలోనే నడుస్తాయి.

మూడో అడుగు మీరే వేయండి. కుడి గడుల మొత్తం 1.5 రాకపోతే, ఏదో ఒక సరిహద్దు దగ్గర అభివాహాన్ని ఒకవైపే లెక్కించి ఉంటారు.