రెండు సంచులు, ఇద్దరు ఆడవాళ్ళు, తొమ్మిది రోజుల శ్రీలంక

విదేశీ ప్రయాణం అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? అమెరికాలో కూతురో కోడలో నీళ్ళోసుకోవడం, మనం పచ్చళ్ళ డబ్బాలతో విమానం ఎక్కడం, ఆరు నెలలు వంటా, పసిపిల్ల స్నానాలూ చూసుకుని తిరిగి రావడం! అది కాకపోతే ప్యాకేజీ టూరు. పొద్దున్నే లేపి బస్సెక్కిస్తారు, రాత్రికి దింపుతారు.

ఈ రెండూ కాకుండా, భుజానికి సంచీ తగిలించుకుని బస్సుల్లో, రైళ్ళలో తిరుగుతూ, ఎక్కడ గది దొరికితే అక్కడ దిగుతూ వెళ్ళడం కాలేజీ కుర్రాళ్ళ పని అని నేనూ అనుకునేదాన్ని. 2024 ఫిబ్రవరిలో నేనూ మా వదినగారూ అలాగే శ్రీలంక వెళ్ళొచ్చాం. నాకు నలభై ఆరు, ఆవిడకి యాభై మూడు.

వదినగారంటే మావారి అక్కయ్య. అన్నయ్యగారు పోయి అప్పటికి మూడేళ్ళు. అప్పట్నించీ ఆవిడ పెళ్ళికి రారు, పేరంటానికి రారు. నా చీటీ డబ్బులు చేతికొచ్చినప్పుడు "శ్రీలంక వెళ్దామా వదినా?" అన్నాను, కాదంటారనే అనుకుంటూ. ఆవిడ ఒక్క నిమిషం ఊరుకుని, "పాస్‌పోర్టుకి ఏమేం కాగితాలు కావాలే?" అన్నారు!

టూరు వాళ్ళు చెప్పిన ధర ఇద్దరికీ కలిపితే నా చీటీ డబ్బుకి రెట్టింపు. సరే, మనమే వెళ్దాం అనుకున్నాం. మావారు మూడు రోజులు మాట్లాడలేదు. పక్కింటావిడ మాత్రం మాట్లాడింది. "మీకంటే సరే... ఆవిడకి ఊళ్ళు తిరగడం ఏమిటండీ?" అని. వదినగారు విన్నారు. ఏమీ అనలేదు.

మొదటి రాత్రికి ముందే గది

తెనాలిలో రైలెక్కి చెన్నై, అక్కణ్ణించి గంటంపావు విమానం. కొలంబో విమానాశ్రయం అంటారు గానీ అది కొలంబోలో లేదు. ముప్ఫై కిలోమీటర్ల పైన దూరంలో, కటునాయకె అనే చోట ఉంది. దానికి దగ్గర ఊరు సముద్రం ఒడ్డున ఉన్న నెగొంబో. మా విమానం రాత్రి దిగుతుంది కాబట్టి, ఆ ఒక్క రాత్రికీ నెగొంబోలో ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో మా అబ్బాయి ఫోన్లోనే గది మాట్లాడిపెట్టాడు. ఆడవాళ్ళు ఒంటరిగా దిగి బాగుందని రాసినవే చూడమన్నాను. మిగతా రోజులకి ఎక్కడా గది తీసుకోలేదు. ఊరు నచ్చితే ఇంకో రోజు ఉండొచ్చు, నచ్చకపోతే సంచీ సర్దుకోవచ్చు. ఇలా తిరగడంలో ఉన్న సుఖమే అది.

క్యాండీలో ఆ రాత్రి

అక్కడ బస్సులు మన పల్లెవెలుగుల్లాంటివే. ప్రభుత్వానివి ఎర్రగా ఉంటాయి, ప్రైవేటువి రంగురంగులుగా ఉంటాయి. కండక్టరు లోపలికొచ్చి టికెట్టు కొడతాడు. ముందు సీట్లు మాత్రం బౌద్ధ భిక్షువులకి కేటాయించినవి. వాళ్ళొస్తే లేచి ఇవ్వాలి.

నెగొంబో నుంచి క్యాండీకి నేరుగా బస్సుంది. పొద్దున్నే బయల్దేరాల్సింది, భోంచేసి వెళ్దాంలే అని నేనే బద్ధకించాను. దిగేసరికి దీపాలు పెట్టేశారు. మేం అనుకున్న గెస్ట్‌హౌస్ పేరు చెబితే ఆటోవాడు (అక్కడ త్రీవీలర్ అంటారు) "అది నిండిపోయింది, వేరేది చూపిస్తా" అన్నాడు. నమ్మాను. చీకట్లో ఎక్కడెక్కడో తిప్పి ఒక మేడ ముందు దింపాడు. గది చెమ్మ కంపు. లోపలి గడియ ఊడిపోయి ఉంది. అడిగిన డబ్బు మేం అనుకున్నదానికి రెట్టింపు. ఆ వేళప్పుడు ఎక్కడికి పోతాం? ఇచ్చాం.

బల్లని తలుపుకి అడ్డంగా జరిపి, దానిమీద రెండు సంచులూ పెట్టి కూర్చున్నాం. మెట్లమీద ఎవరు నడిచినా గుండె దడే. రాత్రి ఒంటిగంటకి నాకు ఏడుపొచ్చేసింది. "మావారు చెప్పిందే నిజం వదినా. రేపు వెనక్కి వెళ్ళిపోదాం" అన్నాను.

వదినగారు దుప్పటి సర్దుకుంటూ, "పెరంబూరులో పన్నెండేళ్ళలో ఆరిళ్ళు మారానే. రైల్వే క్వార్టరు వచ్చేదాకా ప్రతి ఇల్లూ నేనే చూసుకున్నా, మీ అన్నయ్యగారికి తీరికేదీ? ఇల్లు చూడ్డం వచ్చినదానికి గది చూడ్డం రాదా? పడుకో, పొద్దున్నే చూద్దాం" అన్నారు.

వదినగారి గది వేట

తెల్లారి ఏడింటికల్లా బయటపడ్డాం. క్యాండీ నడిబొడ్డున పెద్ద చెరువుంది. గట్టు మీది బెంచీ చూపించి, "నువ్వు సంచులతో ఇక్కడ కూర్చో. బరువుతో వెళ్తే వాడు చెప్పిందే ధర" అని ఆవిడ ఒక్కరే ఎదురుగుండా ఉన్న గుట్టమీదికి ఎక్కి వెళ్ళారు. అక్కడ సరణంకర రోడ్డులో వరసగా గెస్ట్‌హౌస్‌లు.

నేను చెరువు చూస్తూ కూర్చున్నాను. దాన్ని 1807లో తవ్వించింది క్యాండీ ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు. ఆయనది మధుర నాయక రాజుల బంధువర్గం, అంటే మూలాల్లో మన తెలుగువాళ్ళే! 1815లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని వేలూరు కోటకి పంపేశారు. 1832లో అక్కడే పోయాడు. రాజుకే నిలవనీడ లేకుండా పోయిన ఊళ్ళో మనకి గది దొరుకుతుందా అనిపించింది.

ముప్పావుగంటకి వదినగారు నవ్వుకుంటూ వచ్చారు. ఆవిడ ముఖాన ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! నాలుగు ఇళ్ళు చూశారట. ప్రతిచోటా కుళాయి తిప్పి, గడియ వేసి తీసి, పరుపు ఎత్తి చూసి, "రెండు రాత్రులుంటాం, ఎంతకిస్తారు?" అని తమిళంలో అడిగారట. నాలుగో ఇల్లు రిటైరైన టీచరమ్మది. ఇద్దరికీ కలిపి రాత్రికి 4,000 శ్రీలంక రూపాయలు. మన డబ్బుల్లో పదకొండు వందల లోపు. ముందురోజు మేమిచ్చినదాంట్లో సగం!

ఇంకో మాట. ముందురోజు "నిండిపోయింది" అన్న గెస్ట్‌హౌస్ కూడా ఆవిడ చూసొచ్చారు. మూడు గదులు ఖాళీ.

కొండ రైలు

క్యాండీ నుంచి ఎల్లాకి వెళ్ళే రైలు తేయాకు తోటల మధ్యగా ఆరేడు గంటలు నడుస్తుంది. పట్టిపోల స్టేషను ఆరు వేల అడుగుల ఎత్తులో ఉంది. రిజర్వేషన్ సీట్లు ముందే అయిపోతాయి. కానీ రిజర్వేషన్ లేని రెండో, మూడో తరగతి టికెట్లు ఆ రోజు కిటికీ దగ్గరే ఇస్తారు. మూడో తరగతికి మనిషికి మన రెండు వందల లోపే అయింది. జనరల్ పెట్టె ఎక్కడం రైల్వే ఉద్యోగి భార్యకి నేర్పాలా! నుంచునే బయల్దేరాం. నువరఎలియ వెళ్ళేవాళ్ళు నానుఓయలో దిగిపోతే కిటికీ పక్కన చోటు దొరికింది. టికెట్టు మాత్రం పారేయకండి, దిగాక గేటు దగ్గర అడిగి తీసుకుంటారు.

ఎల్లా దగ్గరే 1921 నాటి తొమ్మిది కమానుల వంతెన ఉంది. రైలు దానిమీద వెళ్తుంటే వదినగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఎందుకని నేను అడగలేదు.

తిండి

శాకాహారులకి ఇబ్బంది లేదు. అన్నం, పప్పు, నాలుగు రకాల కూరలు ఒకే పళ్ళెంలో వస్తాయి. ఇడియాప్పం, అప్పం కూడా దొరుకుతాయి. కాకపోతే కూరల్లో, పచ్చళ్ళలో "ఉంబలకడ" అనే ఎండు చేప పొడి వేస్తారు. "ఉంబలకడ ఎపా" అంటే అది వద్దని. టీచరమ్మ అది వెయ్యకుండా మాకు పొల్ సంబోల్ చేసి పెట్టింది. తురిమిన పచ్చికొబ్బరి, ఎండుమిర్చి, చిన్న ఉల్లిపాయలు, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా నూరి నిమ్మరసం పిండటమే. పోపు లేదు. మా ఇంట్లో ఇప్పుడు దోసెల్లోకి అదే.

మీరూ వెళ్తారా? ఇవి గుర్తుంచుకోండి

• కొత్త ఊరికి మధ్యాహ్నం మూడింటిలోపు చేరండి. చవకలో అన్నిటికంటే పెద్ద చవక వెలుతురే. చీకటి పడితే ఎవరు ఎంతంటే అంత.
• ఒకరు సంచులతో కూర్చోండి, ఒకరు గది చూడండి. గడియ, కుళాయి, కిటికీ, పరుపు చూశాకే డబ్బు.
• "నిండిపోయింది" అని ఆటోవాళ్ళు చెబితే మీరే ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడ పిక్‌మి అనే యాప్‌లో ఆటో పిలిస్తే ధర ముందే తెలుస్తుంది.
• సంచీ మీరొక్కరే ఎత్తి మెట్లెక్కగలిగేంత ఉండాలి. చిన్న తాళం, బట్టలారేసుకోవడానికి నైలాన్ తాడు, పిన్నీసులు, పాస్‌పోర్టు జిరాక్సులు మర్చిపోవద్దు.
• ప్రతి పౌర్ణమికీ (పోయ రోజు అంటారు) అక్కడ సెలవు. బస్సులూ రైళ్ళూ కిటకిటలాడతాయి. జూలై, ఆగస్టుల్లో క్యాండీ పెరహెర ఉత్సవాలప్పుడు గదుల ధరలు మండిపోతాయి.
• వెళ్ళే ముందు ఇ.టి.ఎ. అనే అనుమతి కావాలి. రుసుము నిబంధనలు మారుతుంటాయి కనుక ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూడండి. 2025 నవంబరు తుఫానుకి కొండ రైలు మార్గం బాగా దెబ్బతింది. ఎక్కడిదాకా నడుస్తోందో కనుక్కుని బయల్దేరండి.

తిరిగొచ్చాక పక్కింటావిడ "ఎలా జరిగిందండీ?" అని వచ్చింది. నేను నోరు తెరిచేలోపు వదినగారే జవాబిచ్చారు: "బావుందమ్మా. నేపాల్‌కి వీసా కూడా అక్కర్లేదట. ఈసారి నువ్వూ రాకూడదూ?"