ఫ్లాష్ వెలుగు – షట్టర్ వేగం: రెండింటికీ పొత్తు కుదిరేదెక్కడ?



పెళ్ళిలో జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం ఒక్కసారే వస్తుంది. ఫొటోగ్రాఫరు స్టూడియో ఫ్లాష్ అమర్చి ఫొటో తీశాడు. తీరా చూస్తే ఫొటోలో కింది సగం నల్లగా ఉంది. ఫ్లాష్ వెలిగింది. కెమెరా కూడా చెడిపోలేదు. మరి లోపం ఎక్కడ? చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది.

రెండు తెరల కథ

డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో సెన్సారు ముందు రెండు తెరలుంటాయి. బటన్ నొక్కగానే మొదటి తెర పైనుంచి కిందికి జరిగి సెన్సారును తెరుస్తుంది. మనం నిర్ణయించిన వ్యవధి గడిచాక రెండో తెర అదే దిశలో వచ్చి మూసివేస్తుంది. షట్టర్ వేగం ఎంత పెంచినా తెర నడిచే వేగం మారదు. రెండు తెరలు బయలుదేరే సమయాల మధ్య తేడా ఒక్కటే మారుతుంది.

తెర సెన్సారును దాటడానికి 4 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం.

• 1/125 సెకను (8 మిల్లీసెకన్లు): మొదటి తెర గమ్యం చేరిన తర్వాత మరో 4 మిల్లీసెకన్ల పాటు సెన్సారు మొత్తం తెరిచే ఉంటుంది.
• 1/250 సెకను (4 మిల్లీసెకన్లు): మొదటి తెర చేరగానే రెండోది బయలుదేరుతుంది. ఇదే హద్దు.
• 1/500 సెకను (2 మిల్లీసెకన్లు): మొదటి తెర సగం దూరంలో ఉండగానే రెండోది బయలుదేరుతుంది. ఏ క్షణంలోనూ సగం కంటే ఎక్కువ సెన్సారు తెరిచి ఉండదు.

ఎండ నిరంతరంగా ఉంటుంది కనుక, తెరల మధ్య చీలిక జరిగే కొద్దీ సెన్సారు అంతటికీ సమానంగా వెలుగు అందుతుంది. ఫ్లాష్ అలా కాదు. మొదటి తెర పూర్తిగా తెరుచుకోగానే ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. అప్పటికే రెండో తెర సెన్సారు పై సగాన్ని కప్పివేస్తే ఆ భాగానికి ఫ్లాష్ వెలుగు అందదు. లెన్సు బొమ్మను తలకిందులు చేస్తుంది కనుక నల్లపట్టీ ఫొటో కింది భాగంలో కనిపిస్తుంది.

సెన్సారు మొత్తం తెరిచి ఉండే గరిష్ఠ వేగమే ఫ్లాష్ సింక్ వేగం. చాలా ఎస్.ఎల్.ఆర్.లలో ఇది 1/160 నుంచి 1/250 సెకను వరకు ఉంటుంది.

స్టూడియోలో జాగ్రత్త

కెమెరా కంపెనీవారి ఫ్లాష్ పైన అమర్చితే కెమెరా దాన్ని గుర్తించి, సాధారణంగా హద్దు దాటనివ్వదు. స్టూడియో ఫ్లాష్‌ను తీగతోనో మామూలు రేడియో ట్రిగ్గర్‌తోనో కలిపితే కెమెరాకు ఆ సంగతి తెలియదు, హెచ్చరించదు. పైగా ట్రిగ్గర్ కొంత ఆలస్యం చేస్తుంది. పెద్ద ఫ్లాష్ పూర్తిగా ఆరడానికీ కొంత వ్యవధి కావాలి. అందుకే 1/125 సెకనుతో మొదలుపెట్టడం క్షేమం.

అలా చేస్తే కదలిక చెదిరిపోదా? మసక వెలుతురు ఉన్న గదిలో ఫొటోను నిర్ణయించేది ఫ్లాష్ మెరుపే. ఆ మెరుపు షట్టర్ కంటే ఎంతో పొట్టిది. కనుక కదలికను ఆపేది అదే.

పట్టపగలు ఏం చేయాలి?

బస్తర్ సరిహద్దు ఊరు మరైగూడలో మధ్యాహ్నం ఆరుబయట పెళ్ళి ఫొటో తీయాలనుకోండి. ఐ.ఎస్.ఓ. 100 వద్ద, 1/250 సెకనుకు ఎఫ్/11 సరిపోతుంది. వెనుక దృశ్యం మసకగా రావాలని ఎఫ్/2.8 పెడితే, వెలుగు 16 రెట్లు పెరుగుతుంది. షట్టర్‌ను 1/4000కు పెంచాలి. అది సింక్ హద్దుకు చాలా దూరం. అప్పుడు వెలుగును 16వ వంతుకు తగ్గించే బూడిదరంగు ఫిల్టరు వాడవచ్చు. అయితే అది ఫ్లాష్ వెలుగునూ అంతే తగ్గిస్తుంది. హై-స్పీడ్ సింక్ ఉన్న ఫ్లాష్ వరుస మెరుపులతో వెలుగుతుంది కానీ శక్తి బాగా తగ్గుతుంది.

సెన్సారు మొత్తాన్ని ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్‌లో ఈ తెరల చిక్కే లేదు. 2023లో సోనీ ప్రకటించిన ఆల్ఫా 9 మూడో తరం కెమెరా అలాంటిదే.

చేసి చూడండి

చీకటి గదిలో తెల్లగోడపై ఫ్లాష్ వేసి 1/125, 1/200, 1/250, 1/320, 1/500 వేగాలతో ఫొటోలు తీయండి. నల్లపట్టీ ఏ వేగం వద్ద మొదలైందో రాసుకోండి. ఆ పరీక్ష పెళ్ళిరోజున కాదు, ముందురోజే చేయాలి.

ప్రశ్న: పై లెక్క ప్రకారం 1/1000 సెకను వద్ద సెన్సారులో ఎంత భాగం తెరిచి ఉంటుంది?