అంతరిక్షంలోనూ వడ్డన మనకేనా?

సైన్స్ ఫిక్షన్ అనగానే ‘అవి మగపిల్లల సినిమాలు’ అంటూ టీవీ ముందు నుంచి లేచిపోయే ఆడవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం అవంటే భలే ఇష్టం. ఏ కాలం మనుషులు ఎంత దూరం వెళ్లాలనుకున్నారో వాటిలో ఇట్టే తెలిసిపోతుంది.

1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’నే తీసుకోండి. అప్పటికింకా మనిషి చంద్రుడి మీద కాలు పెట్టనేలేదు. అయినా 2001 కల్లా అక్కడ మకాం వేసేస్తామనీ, గురుగ్రహం దాకా వెళ్తామనీ ధీమాగా చూపించారు. తమాషా ఏమిటంటే, అంత దూరం ఊహించినవాళ్లు కూడా అంతరిక్ష నౌకలో భోజనం ట్రేలు మోసే పని ఆడపిల్లలకే అప్పగించారు! (రష్యన్ శాస్త్రవేత్తలుగా కొందరు మహిళలు కనిపిస్తారనుకోండి.)

ఆ ధీమా ఎన్నాళ్లో నిలవలేదు. 1969 నుంచి 1972 దాకా పన్నెండు మంది మగవాళ్లు చంద్రుడి మీద నడిచారు, అంతే. 1960ల నడుమ అమెరికా ప్రభుత్వం ఖర్చుపెట్టే ప్రతి వంద డాలర్లలో నాలుగుకి పైగా నాసాకి వెళ్లేవి. ఇప్పుడు అర డాలరు కూడా వెళ్లడం లేదు. నాసా తొలిసారి మహిళల్ని వ్యోమగాములుగా ఎంపిక చేసింది 1978లో. మన వంతు వచ్చేసరికి చంద్రుడి ప్రయాణాలు ఆగిపోయి ఆరేళ్లయింది. నన్ను గుచ్చేది ఇదే.

సినిమాలూ మారాయి. 2014 నాటి ‘ఇంటర్‌స్టెల్లార్’లో బడి పుస్తకాలే చంద్రయానం బూటకమని చెబుతాయి. పిల్లలు పొలం పని నేర్చుకుంటే చాలట! మన ‘కల్కి 2898 ఏడీ’ (2024)లో మిగిలిన ఆఖరి నగరం కాశీ. ఎక్కడికి వెళ్దామన్న ఆలోచనే లేదు, ఎలా బతుకుదామన్న యావ తప్ప. 1991లో ‘ఆదిత్య 369’ చూసినప్పటి సరదా వేరు. అందులో హీరోయిన్ కూడా కాలయంత్రం ఎక్కేసింది కదా!

2019లో వచ్చిన హిందీ సినిమా ‘మిషన్ మంగళ్’లో కథానాయికకి పూరీలు వేయించే పద్ధతిలోంచి ఇంధనం ఆదా చేసే ఉపాయం తడుతుంది. మళ్లీ వంటిల్లేనా అని నవ్వుకున్నా. కానీ ఈసారి ఆమె చేతిలో ట్రే లేదు, అంగారక నౌక ఉంది. నిజంగానే అదే ఏడాది చంద్రయాన్-2కి ఎం.వనిత, రీతూ కరిధల్ సారథ్యం వహించారు.

ఆ సినిమా చూశాక మా పక్కింటి ఏడో తరగతి పిల్ల వాళ్లమ్మని అడిగిందట, “చంద్రుడి మీద ఆడవాళ్లు ఎప్పుడు నడుస్తారమ్మా?” అని. ఆవిడ దాన్ని నా దగ్గరికి పంపింది.