హిరణ్యకశిపుని వరములు – ఉద్దేశపరిణామము

బమ్మెరయు మొగుళ్లపల్లియు నొకప్పుడు వరంగల్లు జిల్లాలోని గ్రామములే. 2016లో నా జిల్లా విభక్తమైనపుడు మొదటిది జనగామ జిల్లాలోను, రెండవది భూపాలపల్లి జిల్లాలోను జేరినవి. ఆ బమ్మెర యింటిపేరుగాఁ గల పోతనామాత్యుఁడు 15వ శతాబ్దమునఁ దెనిఁగించిన భాగవతమున సప్తమస్కంధము ప్రహ్లాదచరిత్రమునకుఁ బ్రసిద్ధము. దానిని బోధించుచోఁ బుత్రుని భక్తియే ప్రధానమగుట సహజము; తండ్రి కేవలదుష్టుఁడని త్రోసివేయఁబడుటయుఁ గలదు. అట్లు త్రోసివేసినచోఁ గథలోని యొక ముఖ్యవిషయము మఱుఁగుపడును. వరము గోరుటకుఁ బూర్వము హిరణ్యకశిపుని యుద్దేశము వేఱు, వరము వడసిన పిదప వేఱు. ఆ మార్పే యాతని పతనమునకు బీజము.

ఆతనిని మొదటఁ బురికొల్పినది సోదరశోకము. వరాహమూర్తిచే హిరణ్యాక్షుఁడు హతుఁడు కాఁగా, హరిరక్తముతో సోదరునకుఁ దర్పణము గావింతునని యాతఁడు ప్రతిన పట్టెను. పిమ్మటఁ దల్లియైన దితిని, సోదరుని భార్యను నోదార్చుచు నుశీనరదేశపు రాజైన సుయజ్ఞుని కథ చెప్పెను. యుద్ధమునఁ గూలిన యా రాజునకై విలపించు భార్యలకు యముఁడు బాలరూపమున వచ్చి, దేహము నశ్వరమనియు నాత్మకు మరణము లేదనియు బోధించిన కథ యది. పరుల కింత చక్కఁగాఁ జెప్పినవాఁడు, పిదప మందరగిరి కేఁగి తన దేహమునకే చావు లేకుండుటకుఁ దపస్సు మొదలిడెను. ప్రతీకారమునకై బయలుదేఱిన మనస్సులో మృత్యుభయమును, ఏకాధిపత్యకాంక్షయు నిచ్చటఁ జేరినవి.

నూఱు దివ్యసంవత్సరములు తపస్సు సాగెను. పుట్టలు గప్పి, చీమలు దిన్న యా మేనిపై బ్రహ్మ కమండలుజలముఁ జల్లి లేపెను. అంతట జరిగినది బేరమే. పోతన కూర్చిన పట్టికలో గాలి, నేల, నిప్పు, నీరు, ఆకాశము, దిక్కులు, రేయింబవళ్లు, చీఁకటివెలుఁగులు, నరమృగాదులు, సమస్తశస్త్రాస్త్రములు గలవు. సంస్కృతమూలమున లోపల, వెలుపల యను నిషేధమును గలదు. లోకపాలుర మహిమయు నాతఁడు గోరెను. సోదరుని పేరు మాత్ర మందు లేదు.

వరబలమున ముల్లోకములు గెలిచి యింద్రభవనమున నివసించెను గాని, ప్రతిన తీఱలేదు. ఆంగ్లకవి మార్లో రచించిన ఫాస్టసు నాటకమున (1604లో ముద్రితము) నిట్టి క్షీణతయే కానవచ్చును. 24 సంవత్సరముల శక్తికై యాత్మను విక్రయించిన యా పండితుఁడు మహాధిపత్యముఁ గోరి మొదలిడి, రాజసభలలో వినోదములు చూపుటతోఁ గాలము గడపును. అతనికిఁ దన గడువు తెలియును. హిరణ్యకశిపునకు గడువు లేదు. అయినను భయము తప్పలేదు.

ఆ భయ మింటిలోనే పుట్టినది. కొడుకును దొడపై నిడుకొని చదువు సంగతి యడిగినవాఁడు వాత్సల్యము గల తండ్రియే. చండామర్కుల బోధ ఫలింపక, బాలుని నోట హరినామమే వెలువడఁగా వాత్సల్యము క్రోధమయ్యెను. ఏనుఁగులు, పాములు, విషము, అగ్ని యా బాలునిఁ జంపలేకపోఁగాఁ గ్రోధము చింతయయ్యెను. వీనితోడి విరోధమువలననే తనకుఁ జావు గలుగునేమో యని త్రిలోకవిజేత యైదేండ్లవానిఁ జూచి శంకించెను. లోకములను గెలిచియు లోని శత్రువులను గెలువలేదని ప్రహ్లాదుఁడు పలికిన మాట తండ్రి చరిత్రమున కంతకు సంగ్రహము.

జయవిజయుల శాపముచే నిదియంతయు ముందే నిశ్చితము గదా, యిందు విషాదమేల యని యాక్షేపింపవచ్చును. శాపము నిర్ణయించినది జన్మలను; వరములోని మాటలను గాదు. వానిని గూర్చుకొన్నవాఁడు హిరణ్యకశిపుఁడే. నరుఁడును మృగమును గాని మూర్తి, సంధ్యవేళ, ద్వారమున, దొడపై, గోళ్లతోఁ జంపినపుడు బ్రహ్మవాక్కు చెడలేదు. ఆ వాక్కు విడిచిన సందులనుండియే మృత్యువు వచ్చినది.

అష్టమస్కంధమున వామనుఁడు బలితోఁ జెప్పిన వృత్తాంత మిచ్చటఁ దలఁపఁదగును. శూలముఁ దాల్చి వెదకవచ్చిన హిరణ్యకశిపునకుఁ జిక్కక, హరి సూక్ష్మరూపమున నాతని ముక్కుద్వారమున హృదయముఁ జొచ్చెను. వెలుపలి లోకములన్నియు వెదకి కానక, శత్రువు లేఁడని యాతఁడు నిశ్చయించుకొనెను. బోధకులు ప్రహ్లాదచరిత్రముతో నీ వృత్తాంతమును జేర్చి చెప్పినచో, హరి యీ స్తంభమునఁ గలఁడా యని యాతఁడు కొడుకు నడిగిన ప్రశ్నకు విద్యార్థులు మఱియొక యర్థమును గూడఁ గనఁగలరు.