గూడబాతు లేవకుండా ఫొటో తీద్దాం

క్రిస్మస్ సెలవులకు ఇంటికి వెళ్లేవాళ్లలో చెన్నైలో దిగే కుటుంబాలు చాలానే ఉంటాయి. అక్కడి నుంచి నెల్లూరు హైవే మీద సుమారు వంద కిలోమీటర్లు వస్తే సూళ్లూరుపేట. ఆ దగ్గర్లోనే నేలపట్టు చెరువు, పులికాట్ సరస్సు. పిల్లలున్నా, మెడలో కెమెరా ఉన్నా ఒక రోజు అక్కడ ఆగండి.

నేలపట్టును 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండితే, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కూడా అక్కడే కాపురం. గూడు నేలపట్టులో, మేత పులికాట్‌లో. పెద్ద పక్షులు అక్కడికి ఎగిరి వెళ్లి చేపలు తెస్తే, పిల్ల పక్షి వాటి గొంతులోకి తల దూర్చి తింటుంది. ఆ ఒక్క దృశ్యం కోసం గంటసేపు నిలబడినా నష్టం లేదు. ఊళ్లో రైతులకూ ఈ పక్షులంటే ఆదరమే, రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువు కదా.

ఇబ్బందల్లా మనలాంటి కెమెరావాళ్లతోనే. ఎగిరే ఫొటో కావాలని కొందరు చప్పట్లు కొడతారు, రాళ్లు కూడా విసురుతారు. తల్లి గూడు వదిలి లేస్తే గుడ్లు కాకుల పాలవుతాయి, ఈకలు రాని పిల్లలు ఎండకు మాడిపోతాయి. అసలు ఆ అవసరమే లేదు. పెద్ద పక్షులు గాలికి ఎదురుగా వాలతాయి. గాలి మన వీపుకు తగిలేలా నిలబడితే, మేతకు వెళ్లొచ్చేవి మనవైపే ముఖం పెట్టి దిగుతాయి.

మేముండే టెక్సాస్‌లో, గాల్వెస్టన్ రేవులో గోధుమరంగు గూడబాతులు మనుషుల పక్కనే కూర్చుంటాయి. నేలపట్టులోనూ అంత దగ్గరికి వెళ్దామని మా అమ్మాయి పేచీ పెట్టింది. "ఇక్కడ గూట్లో పిల్లలున్నాయమ్మా" అని చెప్పి వాచ్‌టవర్ ఎక్కించి బైనాక్యులర్ ఇచ్చాను. ఇక దిగితే ఒట్టు!

పులికాట్‌లో పద్ధతి వేరు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా సాగుతుంది. ఫ్లెమింగోలు కనిపిస్తే కారులోంచే తీయండి, దిగితే దూరం జరుగుతాయి. మేస్తున్నవి తలలెత్తి అన్నీ ఒకేవైపు నడక మొదలుపెట్టాయంటే, మనం మరీ దగ్గరికి వచ్చేశామని అర్థం. పొద్దెక్కితే నీటి మీద ఎండ సెగకు బొమ్మ వణుకుతుంది. 400 ఎం.ఎం. లెన్స్ ఉన్నా లాభం లేదు, తెల్లవారేసరికే చేరుకోవాలి.

డ్రోన్ మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. మన దేశంలోకి డ్రోన్ల దిగుమతిపై 2022 నుంచి నిషేధం ఉంది. పైగా ఈ రోడ్డు చివర ఉన్నది ఇస్రో ప్రయోగ కేంద్రం.

సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ చాలాసార్లు జనవరిలోనే జరుగుతుంది. సందడి కావాలంటే అప్పుడు వెళ్లండి, ఫొటోలు కావాలంటే ఆ రోజులు తప్పించండి.