వుజూ నీటితో పచ్చబడిన పెరడు

తొలకరి పడగానే మా పెరట్లో బెండ, గోరుచిక్కుడు విత్తుతాము. బీర, సొర పాదులను పందిరికి ఎక్కిస్తాము. చలికాలానికి వంగ, టమాటా నారు నాటి, మెంతులు, ధనియాలు చల్లుతాము. వేసవిలో మిగిలేవి తోటకూర, గోంగూరలే.

గత వేసవిలో బోరు ఎండిపోయింది. మడులపై ఆశ వదులుకున్నాము. అప్పుడు అమ్మీజాన్ వుజూ చేసే చోటును చూపారు. అయిదు పూటలా ఇంటిల్లిపాదీ వాడిన నీరు మురికికాలువ పాలవుతోంది! సబ్బు కలవని ఆ నీటిని చిన్న కాలువ తీసి మడులకు మళ్ళించాము. తేమ నిలిచేందుకు మొదళ్ళ వద్ద ఎండుటాకులు పరిచాము. తోటకూర బతికింది.

ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి తిన్నా, పశుపక్ష్యాదులు తిన్నా అది అతనికి దానమవుతుందని దైవప్రవక్త (స) బోధించారు. అందుకే పిచ్చుకలు గిల్లిన ఆకులను చూసి మేమిప్పుడు విసుక్కోము.

మీ ఇంటి వుజూ నీరు ఎటు పోతున్నదో ఒకసారి గమనించండి.