'హెల్పర్' ఉద్యోగమన్నారు... తుపాకీ చేతికిచ్చారు!

నానక్‌రాంగూడలోని అమెరికన్ కాన్సులేట్ దగ్గర పొద్దున్నే ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది. కూతవేటు దూరంలో హైటెక్ సిటీ. ఇంట్లో వాళ్ల గుండెలో గుబులున్నా, ముఖంలో వెలుగే కనిపిస్తుంది. విదేశం అనగానే మన కళ్లముందు మెదిలే బొమ్మ అదే కదా! కానీ ఇదే నగరం నుంచీ, తెలంగాణలోని చిన్న ఊళ్ల నుంచీ మరో దారిన వెళ్లిన కుర్రాళ్లున్నారు. వాళ్లు నమ్ముకున్నది పెద్ద డిగ్రీని కాదు... యూట్యూబ్‌లో చూసిన ఓ వీడియోని.

సంగతి 2023 చివరిది. రష్యా సైన్యంలో 'హెల్పర్' ఉద్యోగాలున్నాయన్నారు. యుద్ధానికి వెళ్లక్కర్లేదు, వెనక ఉండి సాయం చేస్తే చాలన్నారు. నెలకు లక్షకు పైగా జీతమంటూ ఊరించారు. ఏజెంట్లకు ముట్టింది సుమారు మూడు లక్షలు. తీరా అక్కడ దిగాక ఓ కాగితం ముందు పెట్టారు. అంతా రష్యన్ భాష. ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పు చేసి అంత దూరం వెళ్లినవాడు ఆ క్షణంలో వెనక్కి తిరుగుతాడా? సంతకం పెట్టేశారు. అది సైన్యంలో చేరుతున్నట్టు ఒప్పంద పత్రం!

2024 సెప్టెంబరులో నలుగురు యువకులు శంషాబాద్ విమానాశ్రయంలో దిగారు. ఒకరు మన తెలంగాణ వాసి, ముగ్గురు కర్ణాటక వాళ్లు. అక్కడ రోజు ఎలా గడిచేదో వాళ్లు విలేకరులకు చెప్పుకొచ్చారు. పొద్దున ఆరింటికే లేపేవారట. ఇక అక్కణ్నుంచి పదిహేను గంటల చాకిరీ. కందకాలు తవ్వాలి. చేతులు బొబ్బలెక్కినా, నడుం పట్టేసినా పార ఆగకూడదు. అలసటతో ఆగితే తుపాకులు పేల్చి భయపెట్టేవారు. తిండి అంతంతమాత్రం. ఏకే-12, ఏకే-74 రైఫిళ్లు కాల్చడం, గ్రెనేడ్లు విసరడం నేర్పించారు. సెల్‌ఫోన్లు లాగేసుకున్నారు. ఇంటికి ఫోన్ చేసి 'బాగానే ఉన్నానమ్మా' అని అబద్ధం చెప్పే అవకాశం కూడా లేకుండా పోయింది.

ఇంతకీ అన్ని కందకాలెందుకు? ఉక్రెయిన్ యుద్ధంలో నేలమీద నిలబడ్డ మనిషి పైనున్న డ్రోన్‌కు ఇట్టే కనిపిస్తాడు. అందుకే బతుకంతా నేల కిందే. అయినా ప్రాణానికి పూచీ లేదు. 2024 ఫిబ్రవరిలో సూరత్ కుర్రాడొకరు డ్రోన్ దాడిలో చనిపోయాడు. వయసు ఇరవై మూడేళ్లు. అతనూ 'హెల్పర్'గా వెళ్లినవాడే. మార్చి మొదటి వారంలో మన హైదరాబాద్ యువకుడి మరణాన్ని మాస్కోలోని భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది.

గల్ఫ్ మోసాలు మనకు కొత్త కాదు. ఆజాద్ వీసా అనీ, విజిట్ వీసా అనీ నమ్మి నట్టేట మునిగినవాళ్లు కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఎందరో. వాళ్ల కష్టం తక్కువేం కాదు. కాకపోతే అక్కడ పోయేది డబ్బూ, కొన్నేళ్ల జీవితం. ఇక్కడ చిక్కు వేరు. సైనికుడిగా సంతకం పెట్టినవాడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోతే రష్యా చట్టం ప్రకారం నేరం. పైగా 2022 సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వుతో, గడువు తీరినా సైనిక ఒప్పందాలు ముగియని పరిస్థితి. నచ్చలేదని రాజీనామా చేసే ఉద్యోగం కాదిది!

అందుకే చివరికి ప్రభుత్వాలే మాట్లాడుకోవాల్సి వచ్చింది. 2024 ఆరంభంలో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ విదేశాంగ మంత్రికి లేఖ రాశారు. మార్చిలో సీబీఐ ఏడు నగరాల్లో పదమూడు చోట్ల సోదాలు చేసింది. జులైలో మాస్కో వెళ్లిన ప్రధాని మోదీ ఈ విషయాన్ని పుతిన్ దగ్గర ప్రస్తావించారు. ఆ తర్వాత మరింత మంది ఇంటిముఖం పట్టారు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ఇదీ: రష్యా సైన్యంలో చేరిన భారతీయులు 126 మంది. తిరిగొచ్చినవారు 96 మంది. చనిపోయినవారు 12 మంది. మిగిలిన 18 మందిలో 16 మంది జాడే తెలియదు.

పోనీ, అక్కడితో ఆగిందా అంటే అదీ లేదు. భారతీయుల్ని చేర్చుకోవడం 2024 ఏప్రిల్‌లోనే ఆపేశామని రష్యా ఎంబసీ ప్రకటించినా, 2025లో మళ్లీ కొత్త కేసులు బయటపడ్డాయి. ఆ ఏడాది నిర్మాణ పనికని వెళ్లిన హైదరాబాదీ ఒకరు, తనను యుద్ధానికి పంపుతున్నారంటూ వీడియో పెట్టాడు. ఇలాంటి ఉద్యోగాల జోలికి వెళ్లొద్దని విదేశాంగ శాఖ మరోసారి హెచ్చరించాల్సి వచ్చింది.

పిల్లలు విదేశీ కొలువంటూ వస్తే ఇంట్లో పెద్దలు చూడాల్సినవి కొన్నున్నాయి. ఏజెంటుకు ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో 'ఈ-మైగ్రేట్' వెబ్‌సైట్‌లో తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వానికి 'టామ్‌కామ్' అనే సొంత సంస్థ ఉంది, విదేశీ ఉద్యోగాల వివరాలు అక్కడా అడగొచ్చు. ఇక ఫీజు సంగతి. రిజిస్టర్డ్ ఏజెంటు ఒక్కో అభ్యర్థి దగ్గర తీసుకోవాల్సిన సర్వీసు ఛార్జీకి చట్టం పెట్టిన పరిమితి జీఎస్టీ కాక ముప్ఫై వేల రూపాయలు. ఈ కుర్రాళ్లు కట్టింది దానికి దాదాపు పదింతలు.